ఆరు సీట్ల లెక్క

హిందూపురం మహిళా పాలిటెక్నిక్‌లోనో, ధర్మవరం పాలిటెక్నిక్‌లోనో మూడేళ్ల డిప్లొమా ముగించినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. పరీక్ష 200 మార్కులకు, మూడు గంటలు. గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరో 25, మిగతా 100 సొంత బ్రాంచికి. దీనికి కోచింగ్ ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. ర్యాంకు వచ్చాక ఏ కాలేజీలను ఏ వరసలో పెట్టాలో చెప్పేవాళ్లే తక్కువ.

చాలామంది చేసే పొరపాటు, ఇంటర్ పిల్లల ఈఏపీసెట్ ర్యాంకులు చూసి కాలేజీని అంచనా వేయడం. ఇలా నేరుగా రెండో సంవత్సరంలో చేరే లేటరల్ ఎంట్రీ సీట్ల లెక్క వేరు. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం మంజూరైన సీట్లపై అదనంగా పది శాతం వరకు డిప్లొమా వాళ్లకు ఇస్తారు. అంటే అరవై మంది బ్రాంచిలో ఆరు. ఆ ఆరింటినే మళ్లీ రిజర్వేషన్ల వారీగా పంచాలి. మీ వర్గానికి ఒక్క సీటే మిగలొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. అందుకే చూడాల్సింది గత ఏడాది ఈసెట్‌లో, ఆ బ్రాంచిలో, మీ వర్గంలో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందన్నది.

ఆ పది శాతం కాక, మొదటి ఏడాదిలో నిండకుండా మిగిలిన సీట్లూ లేటరల్‌కు కలుస్తాయి. కాబట్టి ఏదైనా ప్రైవేటు కాలేజీలో డిప్లొమా వాళ్లకు ఇరవై, ముప్పై సీట్లు కనిపిస్తే సంబరపడే ముందు ఆలోచించాలి. అవి ఇంటర్ పిల్లలు వద్దనుకున్న సీట్లు అయ్యుండొచ్చు. వద్దనుకున్నంత మాత్రాన చెడ్డ కాలేజీ కాదు. సివిల్, మెకానికల్‌కు గిరాకీ తగ్గి మంచి చోట్ల కూడా సీట్లు ఖాళీగా ఉంటున్నాయి. మెకానికల్ డిప్లొమా చేసినవాడికి అది మేలే.

ఇక వరస. కౌన్సెలింగ్‌లో మీరు పెట్టిన వెబ్ ఆప్షన్లను పై నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు ఎక్కడ సీటుంటే అక్కడ ఇస్తారు. పైన అందని కాలేజీ పెట్టినందుకు కింది సీటు పోదు. అందుకని అనంతపురం జేఎన్టీయూ ఇంజినీరింగ్ కాలేజీని మొదట పెట్టడానికి జంకొద్దు. 1946లో మొదలైన కాలేజీ అది, మన సీమలో దానికి సాటి తక్కువ. ఆ తర్వాత అదే వర్సిటీ కింద ఉన్న పులివెందుల, కలికిరి కాలేజీలు. వాటి కింద ప్రైవేటువి. విజయవాడ, విశాఖ వైపు చూసేవాళ్లకు మాత్రం ఒక హెచ్చరిక. 85 శాతం సీట్లు స్థానికులకే, మనం శ్రీ వెంకటేశ్వర వర్సిటీ (ఎస్వీయూ) పరిధి, అవి ఆంధ్రా వర్సిటీ (ఏయూ) పరిధి. అక్కడ మిగిలిన కొద్ది సీట్ల కోసమే మనవాళ్లు పోటీ పడాలి.

ప్రైవేటు కాలేజీల్లో ఎన్‌బీఏ గుర్తింపు చూడండి. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది, ఎన్‌బీఏ బ్రాంచికి ఇచ్చేది. గేటు మీద న్యాక్ గ్రేడు మెరుస్తున్నా మీ బ్రాంచికి ఎన్‌బీఏ లేకపోవచ్చు.

దూరం సంగతీ తేల్చుకోవాలి. ధర్మవరం పిల్లలు రోజూ రైల్లో అనంతపురం పోయి రావచ్చు. హిందూపురం నుంచి వంద కిలోమీటర్లకు పైనే, హాస్టల్ ఖర్చు తప్పదు. ట్యూషన్ ఫీజు తక్కువని చేరి, హాస్టల్ దగ్గర చతికిలపడే ఇళ్లు ఉంటాయి. మొత్తం ఖర్చు మూడేళ్లకూ కలిపి వేసుకోవాలి. బెంగళూరు దగ్గరే కదా అని అటు చూసేవాళ్లకు, కర్ణాటకలో లేటరల్ ప్రవేశాలకు డీసెట్ వేరే ఉంది, దాని అర్హత నిబంధనలు వేరు. వాటికి తూగకపోతే మిగిలేది మేనేజ్‌మెంట్ సీటే, ఆ ఫీజంతా జేబులోంచే.

చేరాక చదువు ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారేవాళ్లకు ఏ సబ్జెక్టు చెల్లుతుందో చాలాచోట్ల ముందే తెలుస్తుంది. కాలిఫోర్నియాలో అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఆ జాబితా ఇస్తుంది. మన దగ్గర సబ్జెక్టుల బేరం లేదు, ఏడాది మొత్తం ఒక్కసారిగా మాఫీ. వినడానికి హాయిగానే ఉంటుంది కానీ, ఇంటర్ నుంచి వచ్చినవాళ్లు బీటెక్ మొదటి ఏడాదిలో చేసిన గణితం, ప్రోగ్రామింగ్‌లో కొంత మీరు చేసి ఉండకపోవచ్చు, తరగతి మీ కోసం ఆగదు. మూడో సెమిస్టర్ లెక్కల్లోనే బ్యాక్‌లాగులు మొదలవ్వొచ్చు.

బీటెక్‌లో వెంటనే చేరి తీరాలనీ లేదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు ఉన్నాయి గనక డిప్లొమాతోనే ఉద్యోగం దొరికే అవకాశం ఈ చుట్టుపక్కల ఎక్కువ. ఇంటికి జీతం అవసరమైతే ముందు ఉద్యోగంలో చేరిపోవడం తప్పేమీ కాదు. పని అనుభవం ఉన్న డిప్లొమా ఉద్యోగులకు పని వేళలకు తగ్గట్టు బీటెక్ తరగతులు నడిపేందుకు ఏఐసీటీఈ అనుమతిస్తోంది. దగ్గర్లోని ఏ కాలేజీకి ఆ అనుమతి ఉందో కనుక్కోవాలి.

ఆప్షన్లు పెట్టే ముందు ఒక్క పని. మీరు మొదట పెట్టదలచుకున్న కాలేజీలో డిప్లొమా నుంచి వచ్చిన సీనియర్‌ను పట్టుకోండి. ప్లేస్‌మెంట్ల గురించి తర్వాత. ముందు మూడో సెమిస్టర్ లెక్కల్లో తమ బ్యాచ్ లేటరల్ వాళ్లు ఎంతమంది తప్పారో, వాళ్లకు విడిగా తరగతులు పెట్టారో లేదో అడగండి.