చల్లవద్దన్న సలహా: భీమడోలు పరిసరాల్లో చీడల నిఘా, వ్యవసాయ విస్తరణ

వ్యాససంగ్రహం

పంటలపై చీడల నిఘా పెట్టేది పురుగు వచ్చిందని చాటడానికే అన్న భావన విస్తరణ రంగంలో బలంగా ఉంది. మందు ఎప్పుడు అక్కరలేదో నిర్ణయించుకోవడానికి కూడా అదే నిఘా ఆధారం. భీమడోలు పరిసరాల్లోని వరిలో సుడిదోమ, కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో సర్పిలాకార తెల్లదోమ అనే రెండు చీడలను ఆధారంగా చేసుకొని ఈ రెండవ ప్రయోజనాన్ని, దానికి అడ్డుపడే కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: సుడిదోమ, ఆర్థిక నష్టపరిమితి, సహజ శత్రువులు, సర్పిలాకార తెల్లదోమ, కౌలు సేద్యం, కొల్లేరు.

ప్రవేశిక

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల నడుమ జాతీయ రహదారిపై ఉన్న భీమడోలు మూడు రకాల సేద్యాలు కలిసే చోటు. ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు మెట్ట మొదలవుతుంది. అక్కడ ఆయిల్‌పామ్, కొబ్బరి, కోకో, మొక్కజొన్న. గోదావరి నీరు తెచ్చే ఏలూరు కాలువ కింద సార్వా, దాళ్వా వరి. దక్షిణాన ఆగడాలలంక వైపు వెళ్ళేకొద్దీ చేలు పలచబడి చేపల చెరువులు, ఆపైన కొల్లేరు. ఒకే మండలంలో మెట్ట తోటకు పనికివచ్చిన సలహా పల్లపు చేనుకు పనికిరాదు. చేనుకు పనికివచ్చినది దాని దిగువనున్న చెరువుకు కీడు చేయవచ్చు.

ఈ ప్రాంతానికి శాస్త్ర సంస్థల కొరత లేదు. మార్టేరులో వరి పరిశోధన 1925 నుండి సాగుతోంది. తాడేపల్లిగూడెం సమీపాన వెంకటరామన్నగూడెంలో 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఏలూరుకు చేరువలోని పెదవేగిలో భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. గ్రామ సచివాలయాలతో పాటు గ్రామ వ్యవసాయ సహాయకులు, 2020 మే నెలలో రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. 2024 తరువాత అవే రైతు సేవా కేంద్రాలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి భీమడోలు ఏలూరు జిల్లాలో, మార్టేరు, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండిపోయినా పురుగుకు జిల్లా సరిహద్దు లేదు, శాస్త్రవేత్తకూ పెద్దగా లేదు. కనుక సమాచారం ఉందా లేదా అన్నది ఇక్కడి ప్రశ్న కాబోదు. ఆ సమాచారం రైతుచేత ఏ నిర్ణయం తీసుకొనేలా చేస్తోందన్నదే ప్రశ్న.

దుబ్బు మొదట్లో లెక్క

సుడిదోమ దుబ్బు మొదట, నీటికి కాస్త పైన చేరి కాండం రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవానికి పైరు పచ్చగానే కనిపిస్తుంది. చేను మధ్య గుండ్రంగా, సుడులు సుడులుగా ఎండిపోయాక గాని సంగతి బయటపడదు. పురుగుకు ఆ పేరు వచ్చింది అందువల్లనే. అప్పటికి ఏ మందు చల్లినా ఎండిన దుబ్బు తిరిగి రాదు. అందుకే ఈ చీడ విషయంలో నిఘా అంటే చేలోకి దిగి, దుబ్బును పక్కకు వంచి, తట్టి, నీటిపై రాలినవాటిని లెక్కించడమే. దారి వెంట నడుస్తూ చేసే సర్వేకు ఇక్కడ విలువ తక్కువ.

సిఫారసుల ప్రకారం పిలకల దశలో దుబ్బుకు 10 నుండి 15, వెన్ను దశలో 20 నుండి 25 దోమలు ఉంటే సస్యరక్షణ చేపట్టాలి. దీనినే ఆర్థిక నష్టపరిమితి అంటారు. 1959లో కాలిఫోర్నియాకు చెందిన స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగన్ అనే కీటక శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన ఈ భావన ప్రకారం పురుగు ఉనికి ఒక్కటే మందుకు కారణం కాదు. ఉపేక్షిస్తే కలిగే నష్టం నివారణ ఖర్చును మించబోతున్నప్పుడే చర్య న్యాయం. అంటే పరిమితికి లోపల ఉన్న ప్రతి లెక్కా చల్లవద్దని చెప్పే లెక్కే. సుడిదోమ చేనంతా సమానంగా పరచుకోదు, అక్కడక్కడ గుంపులుగా ఉంటుంది కనుక సగటు ఒక్కటే రాస్తే రెండు పొరపాట్లు జరుగుతాయి: గుంపు ఉన్న చోటు దాటిపోతే ప్రమాదం మరుగున పడుతుంది, గుంపు మీదే చేయి పడితే చేనంతటికీ మందు అవసరమనిపిస్తుంది. గుంపు కనిపించిన భాగాన్ని వేరుగా గుర్తించి రాసుకోవడం తేలికైన పని, కాని నమోదు పత్రాల్లో దానికి గడి అరుదు.

దీపపు ఎరల లెక్కను చదవడంలో మరొక మెలకువ కావాలి. ఈ దోమలో పొడవు రెక్కలవి, పొట్టి రెక్కలవి అని రెండు రూపాలుంటాయి. చేనుకు మొదట వచ్చేవి పొడవు రెక్కలవి. అనుకూలించిన చేలో వాటి సంతానం ఎక్కువగా పొట్టి రెక్కలతో పుట్టి, ఎగరకుండా అక్కడే విస్తారంగా గుడ్లు పెడుతుంది. దుబ్బు కిక్కిరిసి రసం తగ్గేసరికి మళ్ళీ పొడవు రెక్కలవి తయారై లేచిపోతాయి. కనుక సీజను మొదట్లో దీపానికి పడిన దోమ రాకకు గుర్తు, చివర్లో పడిన దోమ పోకకు గుర్తు. కోత దగ్గరపడిన వేళ దీపం కింద గుట్టగా పడిన దోమను చూసి ఆ చేనుకే మందు సూచించడమంటే దొంగ దాటిపోయాక తలుపు వేసినట్టే. హెచ్చరిక చేరవలసింది ఆలస్యంగా ఊడ్చిన పక్క చేలకు. వెన్నెల రాత్రులలో ఎరకు పడే పురుగుల సంఖ్య తగ్గుతుంది గనుక పున్నమినాటి తక్కువ లెక్కను ఉపశమనంగా భావించరాదు.

కాండం తొలుచు పురుగుకు లింగాకర్షక బుట్టలున్నాయి: ఎకరాకు 3 బుట్టలు పెట్టి, వారానికి ఒక్కో బుట్టలో 25 నుండి 30 మగ పురుగులు పడితే చర్య తీసుకోవాలన్నది సూచన. దాని లెక్క తేలిక, రైతుకు కళ్ళముందు కనిపిస్తుంది. సుడిదోమకు అటువంటి బుట్ట లేదు.

చల్లితే పెరిగే దోమ

సుడిదోమ చరిత్రలో గమనింపదగిన అంశం ఏమంటే, దాని తీవ్రతకు చాలాచోట్ల మందులే కారణమయ్యాయి. చేలో దోమతో పాటు దాని శత్రువులూ ఉంటాయి. మిరిడ్ నల్లి దోమ గుడ్లను వెదికి పీల్చుకుంటుంది. నీటిపై పరుగెత్తే తోడేలు సాలీడు పిల్ల, తల్లి దోమలను పట్టి తింటుంది. దోమ గుడ్లు ఆకు తొడిమ కణజాలంలో ఉంటాయి గనుక పైన చల్లిన మందుకు చాలావరకు తప్పించుకుంటాయి; సాలీడుకు, నల్లికి అటువంటి రక్షణ లేదు. వారం పది రోజుల్లో గుడ్లు పొదిగి వచ్చే పిల్లలకు శత్రువు లేని చేను దొరుకుతుంది. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల తరువాత దోమ మునుపటికంటే ఎక్కువగా పెరగడాన్ని శాస్త్రవేత్తలు పునరుద్ధృతి అంటారు. ఆకుముడుత కోసమో కాండం తొలుచు పురుగు కోసమో తొలిదశలో చల్లిన ఆ మందే నెల తరువాతి సుడిదోమకు పునాది వేస్తుంది. ఈ రెంటికీ సంబంధం రైతు కంటికి కనబడదు, ఎందుకంటే మొదటి మందు మొదటి పురుగును చంపింది కదా.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరిసరాల్లో పీటర్ కెన్‌మోర్ తదితరులు చేసిన పరిశీలనలు ఈ సంబంధాన్ని రుజువు చేశాయి. ఇండోనేషియా 1986లో అధ్యక్ష ఉత్తర్వు ద్వారా వరిలో 57 పురుగుమందు రకాల వాడకాన్ని నిషేధించి, మందులపై రాయితీని కొద్ది సంవత్సరాలలో ఎత్తివేసింది. 1989లో అక్కడ మొదలైన రైతు క్షేత్ర పాఠశాలలే మన పొలంబడికి మూలం. నిషేధం ఒక్కటే అయితే రైతు మరో మందు వెదుక్కొని ఉండేవాడు. పురుగును, దాని శత్రువును గుర్తించి లెక్కించే పాఠం తోడు కావడం వల్ల ఆ విధానం నిలిచింది.

పొలంబడిలో నేర్పే వ్యవసాయ పర్యావరణ విశ్లేషణ ప్రకారం మిత్రపురుగులను కూడా లెక్కించాలి. చీడ, మిత్రపురుగు నిష్పత్తి 2:1 మేరకు ఉంటే మందు అవసరం సాధారణంగా ఉండదు. ఆచరణలో ఈ లెక్కే ముందుగా జారిపోతుంది. పచ్చని ఒంటితో ఉండే మిరిడ్ నల్లిని పచ్చదోమగా పొరబడి చీడల గడిలో రాస్తే నిర్ణయమే తలకిందులవుతుంది. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ చీడల నిఘా వ్యవస్థ ఫొటో ద్వారా పురుగును గుర్తించే సౌకర్యం తెచ్చింది; అయితే పురుగు పేరు తెలియడం వేరు, దాని వెంట ఎన్ని సాలీళ్ళు ఉన్నాయో తెలియడం వేరు.

మందు తప్పనిసరైనప్పుడు బుప్రోఫెజిన్, పైమెట్రోజిన్ వంటివాటిని దుబ్బు మొదళ్ళు తడిసేలా చల్లాలి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం, నత్రజని మితిమీరకుండా చూడడం, మధ్య మధ్య నీరు తీసి ఆరబెట్టడం, విజేత వంటి దోమను తట్టుకొనే మార్టేరు రకాలు వేయడం అంతకంటే ముందు వరుసలో ఉండవలసినవి. కాలిబాట వల్ల గాలి ఆడడమే కాక మనిషి చేలోకి వెళ్ళి లెక్కించే వీలు కలుగుతుంది. ఈ రెండవ ఉపయోగం సలహా పత్రాల్లో అంతగా కనిపించదు.

తోటల్లో నల్లబడిన ఆకు

మెట్ట వైపు కథ వేరు పురుగుదైనా పాఠం దగ్గరిదే. మధ్య అమెరికాకు చెందిన సర్పిలాకార తెల్లదోమను మన దేశంలో తొలిసారిగా 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో కొబ్బరిపై గుర్తించారు. కొద్దికాలానికే అది గోదావరి జిల్లాలకు చేరి, కొబ్బరి నుండి ఆయిల్‌పామ్‌కు, ఇతర మొక్కలకు పాకింది. ఆకు అడుగున చేరి రసం పీల్చి ఇది విసర్జించే తేనెబంక కింది ఆకులపై పడుతుంది. దానిపై నల్లని బూజు పెరుగుతుంది. చెట్ల నీడన వేసిన కోకో ఆకులు కూడా మసి పూసినట్టవుతాయి. తోట చూడగానే భయం కలుగుతుంది. ఈ దోమ వల్ల చెట్టు చనిపోవడం మాత్రం అరుదు.

ఈ దోమ వెంటే దాని శత్రువు కూడా, ఎవరూ పనిగట్టుకొని తేకుండానే, దేశంలోకి వచ్చింది. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే సూక్ష్మమైన కందిరీగ తెల్లదోమ పిల్లల ఒంట్లో గుడ్డు పెడుతుంది. పరాన్నజీవి సోకిన పిల్ల నల్లబడుతుంది. కందిరీగ బయటికి వచ్చిన చోట గుండ్రని రంధ్రం మిగులుతుంది. చేతి భూతద్దం ఉంటే ఆకు అడుగున ఎన్ని పిల్లలు నల్లబడ్డాయో లెక్కించవచ్చు. ఆ లెక్క పెరుగుతున్న తోటలో రసాయన మందు చల్లడమంటే కందిరీగను చంపి దోమకు సాయం చేయడమే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రాన్ని, దోమను తినే అల్లికరెక్కల పురుగులను పెంచి రైతులకు అందించింది. నీటిని ఒత్తిడితో ఆకుల అడుగున చిమ్మడం, మసి ఊడిరావడానికి పలుచని గంజి చల్లడం, కందిరీగలున్న ఆకు ముక్కలను లేని తోటలకు తీసుకుపోయి కట్టడం ఇతర సూచనలు. గంజి సలహా మొదట కొంత నవ్వులాటగా అనిపించినా, దాని వెనుకనున్న తర్కం స్పష్టం: బూజు పొర ఎండి పెళుసై రాలిపోతుంది, కందిరీగకు హాని లేదు.

సలహాకు గల ధర

ఇంత స్పష్టమైన శాస్త్రం ఉండగా చల్లవద్దన్న మాట ఎందుకు చెల్లదు? మందుకు డబ్బా ఉంది, దానిపై మోతాదు ఉంది, అమ్మే దుకాణం ఉంది, చల్లాక మనసుకు నిమ్మళం ఉంది. చల్లవద్దన్న సలహాకు ఇవేవీ లేవు. అది వికటిస్తే నింద చెప్పినవారిపై పడుతుంది. ఫలిస్తే ఏమీ జరగలేదు గనుక ఎవరికీ గుర్తుండదు. అరువుకు మందిచ్చే దుకాణదారు తరచు రైతుకు తొలి సలహాదారు కూడా కావడం ఇక్కడి వాస్తవం.

గోదావరి జిల్లాల సేద్యంలో కౌలు వాటా ఎక్కువ. నష్టపరిమితి అంకె చేను మొత్తానికి వేసిన సగటు లెక్క. కౌలుదారు లెక్క అది కాదు. ఎకరాకు ఇన్ని బస్తాలని కౌలు ముందే స్థిరపడి ఉంటుంది. దిగుబడిలో తగ్గిన ప్రతి బస్తా అతనికి మిగలవలసిన కొద్ది బస్తాల్లోంచే పోతుంది. అందువల్ల దుబ్బుకు 5 దోమలు కనిపించినా భయపడి చల్లడాన్ని అజ్ఞానమని కొట్టివేయడం తగదు. నష్టం పూర్తిగా తానే భరించవలసిన వ్యక్తి తీసుకొనే బీమా వంటిది అది. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇచ్చే వీలు కల్పించినా, భూయజమాని సమ్మతి అవసరం కావడంతో అది అందరికీ చేరలేదు. పంట నష్టానికి పరిహారం ఖాయమన్న నమ్మకం లేని చోట నిగ్రహాన్ని బోధించే విస్తరణకు చెవి దొరకడం కష్టం. ఈ అంశాన్ని కీటక శాస్త్రం పరిధిలోకి రాదని వదిలేయడం పరిశోధనలకు అలవాటైంది.

మురుగు కాలువ దిశ

నష్టపరిమితి లెక్కలో రెండు ఖర్చులే ఉంటాయి: పంట నష్టం, మందు ఖర్చు. భీమడోలు దక్షిణాన మూడవది ఉంది. చేలలోని నీరు మురుగు కాలువల ద్వారా కొల్లేరుకు, అక్కడినుండి ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతానికి పోతుంది. పైరిత్రాయిడ్ మందులు చేపలకు తీవ్ర విషం. రొయ్య కూడా కీటకం వలె కీళ్ళకాళ్ళ జీవే గనుక పురుగును చంపేది దానినీ చంపుతుంది. చేపపిల్లలు తినే సూక్ష్మ జంతువులకూ అదే గతి. ఎగువ చేలో ఒకరు చల్లిన మందు దిగువ చెరువులో మరొకరికి నష్టం. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన సరస్సుకు కలిగే నష్టాన్ని అడగడానికి మనిషి కూడా ఉండడు. ఈ దిగువ ఖర్చును కలిపితే కొల్లేరు అంచు చేలకు నష్టపరిమితి అంకె మెట్ట దగ్గరి చేలకంటే ఎక్కువగా ఉండాలి, మందుల జాబితా చిన్నదిగా ఉండాలి. రాష్ట్రమంతటికీ ఒకే అంకె ఇచ్చే సలహా పత్రం ఈ భేదాన్ని చూపలేదు.

నీటి దిశకు సంబంధించిన మరో విషయం ఊడ్పుల తేదీ. కాలువ నీరు ఎగువ ఆయకట్టుకు ముందు, శివారుకు ఆలస్యంగా అందుతుంది. ఎగువ చేలు వెన్ను తీసే నాటికి శివారు చేలు ఇంకా పిలకల దశలో ఉంటాయి. ఎగువన రెక్కలు వచ్చి లేచిన దోమకు లేత పైరు సిద్ధంగా దొరుకుతుంది. అందుచేత పూళ్ళ, గుండుగొలను వైపు దుబ్బుల్లో పొడవు రెక్కల దోమ శాతం ఎంత ఉందన్నది శివారు రైతుకు తన చేలోని లెక్క అంత అవసరమైన సమాచారం. ప్రస్తుతం ఒక్కో గ్రామ లెక్క పైఅధికారికి చేరుతుంది, అక్కడ సగటవుతుంది, సగటు సలహాగా తిరిగి వస్తుంది. ఒకే కాలువ మీది పై ఊరి లెక్క కింది ఊరి సహాయకునికి ఆ వారంలోనే నేరుగా అందాలంటే కొత్త యంత్రమేదీ అక్కరలేదు. నమోదు పత్రంలో ఊడ్పు తేదీ, దోమ రెక్కల రూపం, సాలీళ్ళ సంఖ్య, నీరు ఏ మురుగు కాలువలోకి పోతుందన్న వివరం అనే నాలుగు గడులు చేరిస్తే సరిపోతుంది. సార్వాలో ఈ పని సెప్టెంబరు నాటికే మొదలుకావాలి, ఎందుకంటే అక్టోబరులో దోమ కనిపించే వేళకు పైరిత్రాయిడ్ చల్లాలా వద్దా అన్న నిర్ణయం చాలా చేలలో అప్పటికే జరిగిపోయి ఉంటుంది.