పడవను కట్టుట: పాతిన గుంజయా, తేలెడు పీపాయా?

ఎద్దును కట్టుటకు గుంజను ఎక్కడ పాతవలెనో, పలుపు ఎంత పొడవుండవలెనో మన రైతునకు ఒకరు నేర్పనక్కరలేదు. పలుపు కురచయైన పశువునకు మేత అందదు, పొడవైన పొరుగువాని చేను మిగులదు. కాని గుంజ చుట్టును ఉన్న నేలయే రాత్రికి రాత్రి నాలుగడుగులు లేచి, మరునాడు ఆరడుగులు దిగునట్టిదైనచో ఏమి చేయవలెను? పడవ గలవాని చిక్కు ఇదియే.

మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో పడవ మాట వెనుకటి తరమువారికి అంతగా అక్కరలేకపోయెను. ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకయే కనబడు పెన్నకు పడవయేల? ఇప్పుడట్లు కాదు. పెన్నపై గండికోట వద్దను, దానికి దిగువ మైలవరము వద్దను, చిత్రావతిపై పార్నపల్లె వద్దను జలాశయములు నిలిచినవి. గండికోట జలాశయమొక్కటే 26.85 టీఎంసీల నీటిని పట్టును. చేపల వేటకును, ఆవలిగట్టున మిగిలిన పొలములకు పోవుటకును, నీటియొడ్డున ఇంజనులు పెట్టుకొన్నవారికి నూనె చేర్చుటకును నలుగురు సభ్యులు కలిసి అప్పు తీసికొని ఒక పడవను కొనుట ఇకమీదట వింతగాదు. కొనునపుడు చెక్కను చూతురు, ఇంజనును చూతురు, ధరను బేరమాడుదురు. ఎక్కడ కట్టవలెనన్నది మాత్రము పడవ వచ్చిన సాయంకాలమున తోచును.

అట్లు తోచిన ఒక సంగతిని నేను కన్నులార చూచితిని. ఒక గ్రామమున ఒడ్డునగల రాతికూసమునకు పడవను బిగువుగా కట్టి యజమానులు ఇండ్లకు పోయిరి. కట్టినపుడు నీరు కూసము మొదట ఉన్నది. ఆ రాత్రి నీరు దిగెను. తెల్లవారునప్పటికి పడవ ముక్కు మోకునకు వ్రేలాడుచు, వెనుకభాగము నీట మునిగి, ఇంజనులో బురద చేరియుండెను. పడవను బాగుచేయుటకు రెండునెలలు పట్టినది. అప్పు వాయిదా మాత్రము రెండునెలలు ఆగలేదు. ఆ కూసము తప్పేమియు లేదు, అది కదలక నిలిచినది. కదలక నిలుచుటయే అక్కడ చేటైనది.

జలాశయమున నీరు వానతోనే పెరిగి, ఎండతోనే తగ్గునని తలచుట పొరపాటు. మన యూర చినుకు పడకున్నను శ్రీశైలము నీరు గోరకల్లు, అవుకు మీదుగా గండికోటకు వచ్చును. గండికోట నీటిని మోటారులతో ఎత్తి పార్నపల్లె జలాశయమునకు పంపెడు పథకము కలదు. దిగువకు విడుచు గేట్లు ఉండనేయున్నవి. మోటారులు నడచుచున్నవో లేదో, గేటు ఎప్పుడు ఎత్తుదురో పడవవాడు ఆకాశమును చూచి చెప్పలేడు.

పాతిన గుంజకు తగిన తావు లేకపోలేదు. మన జిల్లాలోనే దానికి పాత నిదర్శనమున్నది. 1863-70 నడుమ మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు సుంకేసుల నుండి కడపకు త్రవ్విన కాలువ, మనము కె.సి. కెనాలు అనుచున్నది, పైరుల కొరకే గాక పడవల కొరకును తలపెట్టబడినది. 1882లో ప్రభుత్వమువారు దానిని కొనిరి. పడవ నడచు కాలువలో లాకులుండును. రెండు లాకుల నడుమ నీటిమట్టము ఇంచుమించు ఒకే తీరుగ ఉండును గనుక ఒడ్డున రాయి పాతి మోకు చుట్టిన చాలును. గుంజకు ఖర్చు తక్కువ, కాపలా తక్కువ, చెడునది ఏమియు లేదు. నీరు రెండు మూడడుగులకు మించి ఆడని చోట పీపాల కొరకు డబ్బు పోయుట వృథాయని నా అభిప్రాయము.

జలాశయపు నీరు అంతకంటె ఎంతో ఎక్కువ ఆడును. అక్కడ ఒడ్డు వాలును కూడ చూడవలెను. ఇరువది అడుగులకు ఒక అడుగు దిగు వాలైనచో నీరు పది అడుగులు తగ్గినంతనే అంచు రెండు వందల అడుగులు వెనుకకు జరుగును. నీ గుంజ ఎండిన బురద నడుమ ఒంటరిగా నిలుచును. ఇట్టి పల్లపుటొడ్డున పీపాల తెప్పయు నేలకు అంటుకొని వంగిపోవును. కాబట్టి తేలు కట్టును కోరువాడు ముందుగా రాతిగట్టు నిలువుగా దిగిన తావును వెదకుకొనవలెను. అట్టిది దొరకనిచో ఏడాదిలో మిక్కిలి తగ్గిన నాడును లోతుండు చోట పీపాను లంగరువేసి నిలిపి, పడవను దానికి కట్టి, ఒడ్డునకు పుట్టిలో రావలెను.

తెప్ప కట్టుట కష్టము కాదు. 200 లీటర్ల పీపా పూర్తిగా మునిగినచో తన బరువు పోను సుమారు 180 కిలోలు మోయును. కాని మునుగునంతవరకు మోపరాదు, సగము మునిగినంత వరకే లెక్కవేయవలెను. అప్పుడు ఒక్కొక్క పీపాకు 80 కిలోలు దక్కును. ఎనిమిది పీపాలకు 640 కిలోలు. పలకలకును దూలములకును 250 కిలోలు పోయిన, అయిదుగురు మనుష్యులు వలబుట్టలతో నిలువవచ్చును. పురుగుమందు నింపిన పీపాలను చౌకగా వచ్చుచున్నవని తేవలదు. ఎన్నిసార్లు కడిగినను వానిలోని విషము పోయినదని నేను నమ్మను. ఆ నీటిలోనే చేపలున్నవి, ఆ నీటినే ఊళ్లవారు త్రాగుదురు.

లంగరురాతి విషయమున చాలమంది మోసపోవుదురు. గట్టుమీద నూరు కిలోలు తూగిన నల్లరాయి నీటిలో అరువది రెండు కిలోలే తూగును. సిమెంటు దిమ్మ ఇంకను తేలికయగును. ఆ దిమ్మను నున్నని రాతి అడుగున వేసినచో గాలికే జారును. మోకు పొడవు మిక్కిలి నిండిన నాటి లోతునకు మూడింతలకు తగ్గరాదు. అంతకంటె కురచయైన, నీరు పెరిగినపుడు మోకు రాతిని పైకెత్తును, పీపాతో పడవయు రాయియు కలిసి ప్రయాణము చేయును.

ఈ రెండింటికిని నడుమ ఒక పద్ధతి కలదు, నాకు అదియే మిక్కిలి నచ్చినది. నిలువుగట్టు ప్రక్కన పొడవైన ఇనుపగొట్టములు రెండు గట్టిగా నిలిపి, వానికి వదులుగా కడియములు తొడిగి, తెప్పను ఆ కడియములకు బిగించవలెను. నీరు ఎక్కిన తెప్ప ఎక్కును, దిగిన దిగును, ప్రక్కకు మాత్రము పోదు. గొట్టము తల మిక్కిలి నిండిన నీటికంటె నాలుగడుగులు పైనుండవలెను. లేనిచో నిండిన నాడు కడియము తలమీదుగా ఊడిపోవును. కడియములకు తుప్పు పట్టి బిగిసికొనకుండ నెలకొకసారి నూనె పూయవలెను. ఈ నూనెపూత ఎవరి వంతో ముందే వ్రాసికొనవలెను. పదిమంది పడవకు నూనె పూయువాడు ఒక్కడును ఉండడు.

ఇదంతయు నిలిచిన నీటికి. పారెడు ఏటికి లెక్క వేరు. ప్రవాహవేగము రెండింతలైన మోకుపై లాగుడు నాలుగింతలగును, వేగము మూడింతలైన తొమ్మిదింతలు. దానికి తోడు కొట్టుకొనివచ్చు చెట్లు, చెత్త ముక్కున చేరును. 2021 నవంబరు వరదలో పాపఘ్నిపై కమలాపురము వద్ద వంతెనయే కూలినది. అదే నెలలో చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినది. వంతెన ఆగని నీటిలో మన గుంజ ఆగునా? 2024 సెప్టెంబరులో కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులు మించిన వరద వచ్చినపుడు, ఎగువ నుండి కొట్టుకొనివచ్చిన పెద్ద పడవలు విజయవాడ ప్రకాశము బ్యారేజీ గేట్లను తాకి, వాని బరువుదిమ్మలను పగులగొట్టినవి. ఆ మోకులు ఎట్లు తెగెనో విచారించుట నా పనికాదు. తెగిన పడవ యజమానికి మాత్రమే నష్టము చేయదనుటకు దీనిని చెప్పితిని. పెన్నలోను పాపఘ్నిలోను పడవ గలవారు గుంజయా, పీపాయా యను తర్కము మానవలెను. వరద మాట వినబడగానే పదిమందిని పిలిచి పడవను దుంగలపై దొర్లించి గట్టెక్కించుటయే మేలు. మన పుట్టివారు ఎన్నడును చేయుచున్న పని ఇదే. పని ముగియగానే పుట్టిని ఒడ్డున బోర్లించి పోవుదురు.

జలాశయపు టొడ్డున ఉన్నవారు గుంజకో పీపాకో రూపాయి పెట్టకమునుపు ఒక పని చేయవలెను. రేవున కనబడు బండకు అడుగడుగునకు సున్నపు గుర్తు పెట్టి, వారమునకొక నాడు నీరు ఏ గుర్తున నున్నదో పుస్తకమున వ్రాయవలెను. ఒక ఏడు గడచునప్పటికి మీ రేవు నీరు ఎంత ఆడునో మీకే తెలియును. అంతవరకు ఆగలేనివారు ఆ యొడ్డున చిరకాలముగ వేటాడు జాలరులను అడుగుడు. వారు మిక్కిలి నిండిన నాటి అంచును బండమీద మరకతో సహా చూపగలరు. పడవకు అప్పు కోరు అర్జీతో పాటు ఈ గుర్తుల కాగితమును కూడ సంఘమువారు అడుగుట మంచిదని నా మనవి. ఇంజను ధర అడుగుచున్నారు, దానిని అడుగుట లేదు.