ప్రోటాన్ కణితి దగ్గరే ఎందుకు ఆగుతుంది?

దుర్గి ఊరి రాతి శిల్పి ఉలి మీద సుత్తి వేసే ముందే, రాయి ఎంత లోతు తెగాలో లెక్క చూసుకుంటాడు. క్యాన్సర్‌కు చేసే ప్రోటాన్ చికిత్సలో అసలు పని కూడా లోతు లెక్కే.

మామూలు రేడియేషన్‌లో వాడే ఎక్స్-కిరణాలు క్యాన్సర్ కణితి దగ్గర ఆగవు. దాన్ని దాటి అవతలికి పోతాయి, దారిలోని మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. ప్రోటాన్ తీరు వేరు. హైడ్రోజన్ పరమాణువులోంచి ఎలక్ట్రాన్‌ను తీసేస్తే మిగిలేదే ప్రోటాన్. సైక్లోట్రాన్ అనే యంత్రం దాన్ని కాంతి వేగంలో సగానికి మించి పరుగెత్తిస్తుంది. ఒంట్లోకి దూరాక మొదట కొద్దికొద్దిగానే శక్తి వదులుతుంది. నెమ్మదించే కొద్దీ ఎక్కువ వదిలి, ఆగే చోట మిగిలినదంతా కుమ్మరిస్తుంది. దీన్నే బ్రాగ్ శిఖరం అంటారు. వేగం మారిస్తే ఆగే లోతూ మారుతుంది, కాబట్టి కణితి ఉన్న లోతులోనే ఆపొచ్చు. ఎంత చక్కని కిటుకో చూడండి!

దీన్ని వైద్యానికి వాడొచ్చని 1946లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్ రాశాడు. 1954లో బర్కిలీలో తొలి రోగికి చికిత్స జరిగింది. మన దేశంలో 2019లో చెన్నైలోని అపోలో కేంద్రంలో మొదలైంది.

ఎదిగే పిల్లల్లో మెదడు, వెన్ను దగ్గరి కణితులకు ఇది బాగా పనికొస్తుంది. అయితే ఖర్చు చాలా ఎక్కువ. పైగా చాలా క్యాన్సర్లకు మామూలు రేడియేషనే సరిపోతుంది.