ఆహారం గురించి విన్న మాట నిజమేనా? తెలుసుకునే దారి ఇదీ

"రాగిసంకటి తింటే షుగరు మాత్రలు అక్కర్లేదంట." "బోరు నీళ్లు బాగా కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందంట." మా ఓపీ బెంచీల మీద ఇలాంటి మాటలు రోజూ వింటుంటాము. వాటిని నమ్మి మాత్రలు మానేసి, షుగరు పెరిగి వార్డులో చేరినవారిని కూడా చూస్తున్నాము. అందుకే ఈ సంచికలో, విన్న మాటను నిజమో కాదో ఎలా తేల్చుకోవాలో చెప్పదలిచాము.

శాస్త్రజ్ఞులు తాము పరీక్షించి చూసిన సంగతిని పరిశోధనా వ్యాసంగా రాస్తారు. ఆ విషయం తెలిసిన ఇతరులు దాని తప్పొప్పులు చూశాక పత్రికలో అచ్చవుతుంది. ఇవి పెద్ద చదువులవారికే అనుకోకండి.

మన జిల్లా సంగతే చూడండి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. అప్పట్లో కనిగిరి, పొదిలి ప్రాంతాలు కూడా మన జిల్లాలోనే ఉండేవి. పళ్లు మచ్చలు పడి, నడుము, మెడ బిగుసుకుపోయే ఈ జబ్బు గురించి మన దేశంలో వచ్చిన తొలి వ్యాసాల్లో అది ఒకటి. ఆ పండిట్‌గారే తరువాత భారత వైద్య పరిశోధనా మండలికి మొదటి డైరెక్టరు అయ్యారు. ఆ వ్యాసాన్ని నేడు పబ్‌మెడ్ సెంట్రల్‌లో పైసా ఖర్చు లేకుండా చదవవచ్చు.

వెతకడం ఎలా? మీ ఇంట్లో నర్సింగో, డిగ్రీయో చదువుతున్న పిల్లలుంటే వారి సాయం తీసుకోండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయంవారి పబ్‌మెడ్‌లో వ్యాసాల సారాంశాలు 1997 నుంచి అందరికీ ఉచితం. 'రాగి' అని వెతికితే కొన్నే వస్తాయి. 'ఫింగర్ మిల్లెట్' అని, 'ఎల్యూసిన్ కొరకానా' అనే శాస్త్రీయ నామంతో కూడా ఇంగ్లీషులో వెతకాలి.

దొరికాక నాలుగు సంగతులు చూడండి. పరీక్ష చేసింది మనుషుల మీదా, ఎలుకల మీదా? ఎంతమంది మీద? ఎన్నాళ్లు? డబ్బు ఎవరిచ్చారు? ఒక్క వ్యాసంతో తృప్తిపడక, అనేక పరిశోధనలను కలిపి పరిశీలించిన సమీక్షా వ్యాసం ఉందేమో చూడండి.

ఇంగ్లీషు కష్టమనిపిస్తే మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. 528 ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో 2017లో పట్టికలుగా ప్రచురించింది. భారతీయులు ఎలా తినాలో చెప్పే మార్గదర్శకాలను 2024లో సవరించి ఇచ్చింది.

ఇక మొదటి రెండు మాటలకు జవాబు. రాగులు మంచి ఆహారమే, కానీ మాత్రకు బదులు కావు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అనుమానముంటే నీటిని పరీక్ష చేయించండి, పసిపిల్లలున్న ఇళ్లవారు ఆలస్యం చేయకండి.

మీకు దొరికిన వ్యాసాన్ని ఓపీకి వచ్చేటప్పుడు తెచ్చుకోండి, మా సిస్టర్లతో కూర్చుని చదువుకోవచ్చు. అంతవరకు డాక్టరుగారు రాసిన మాత్ర ఒక్కపూట కూడా ఆపకండి.