మ్యాప్‌లో రాయలసీమ అంత ఎండిపోయినట్టు ఎందుకు కనిపిస్తుంది?

మ్యాప్ యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి కర్నూలు నుంచి కడప వైపు జరపండి. చాలాసార్లు కనిపించేది గోధుమ రంగే. మరి ఖరీఫ్‌లో వేసిన వేరుశనగ ఏమైంది?

ట్రూ కలర్ అంటే ఒక్క క్లిక్‌తో తీసిన ఫొటో కాదు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 శాటిలైట్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతిని విడివిడిగా కొలుస్తాయి. ఒక్కో పిక్సెల్ అంటే నేల మీద 10 మీటర్లు. ఆ మూడింటినీ కలిపి, గాలిలోని మసక తీసేసి, బ్రైట్‌నెస్ పెంచితేనే మన కంటికి అలవాటైన రంగులొస్తాయి.

అసలు తలనొప్పి మబ్బులతోనే. పంట పచ్చగా ఉండే ఆగస్టు, సెప్టెంబర్‌లోనే ఆకాశం మూసుకుపోతుంది. అందుకని మ్యాప్ తయారుచేసేవాళ్లు నెలల తరబడి తీసిన ఇమేజ్‌లలోంచి మబ్బు లేని పిక్సెల్స్ ఏరి అతికిస్తారు. మన దగ్గర అవి ఎక్కువగా దొరికేది పంట కోసేశాకే. రంగు నిజమైనదే, కానీ నెల వేరు! అది చూసి భూమి బీడు అని తేల్చేస్తే రైతుకి అన్యాయమే.

కోపర్నికస్ బ్రౌజర్ ఫ్రీ, తేదీ మీరే ఎంచుకోవచ్చు. కేసీ కెనాల్ ఆయకట్టుని అక్టోబర్‌లో మబ్బు లేని రోజు ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చూడండి. ఏ నెలైనా పెద్దగా రంగు మారనివి ఓర్వకల్లు వైపున్న సోలార్ పార్క్ ప్యానెళ్లే.