నూనెకు ఆకు కాపలా



గానుగ ఆడించి తెచ్చిననాడు కమ్మగా ఉన్న నూనె కొన్నాళ్లకే ముక్కవాసన వేయడం మీరు చూచే ఉంటారు. విశాఖపట్నం వంటి సముద్రతీరాన ఎండా ఎక్కువే, చెమ్మా ఎక్కువే. అసలు నూనె ఎందుకు చెడుతుంది? గాలిలోని ప్రాణవాయువు నూనెలోని కొవ్వుతో కలియడంవల్ల. వెలుతురు, వేడి, రాగి తోడైతే మరీ త్వరగా చెడుతుంది. ఒకసారి మొదలైతే, గడ్డివాములో నిప్పులాగా దానంతటదే పాకుతుంది.

ఈ నిప్పు పాకకుండా అడ్డుకొనే పదార్థాలను ఆక్సీకరణ నిరోధకాలంటారు. మిల్లులవారు వాడే టి.బి.హెచ్.క్యు. అటువంటి రసాయనమే. మన దేశపు నిబంధనల ప్రకారం కిలో నూనెకు అది 200 మిల్లీగ్రాములు దాటరాదు. ఇదే గుణం కొన్ని ఆకులలోనూ ఉన్నది. రోజ్‌మేరీ ఆకు సారాన్ని ఆహారంలో వాడడానికి ఐరోపా సమాఖ్య 2010లో అనుమతించింది. మన కరివేపాకులోనూ ఇటువంటి పదార్థాలున్నవని పరిశోధనలలో తేలింది.

నువ్వులకైతే ఈ కాపలా పుట్టుకతోనే వచ్చింది. నువ్వులు వేయించినప్పుడు అందులోని సెసమోలిన్ నుంచి సెసమాల్ పుట్టి నూనెను కాపాడుతుంది. విశాఖకు చేరువనున్న ఎలమంచిలి వ్యవసాయ పరిశోధనా స్థానం వరాహ, గౌతమ, శారద వంటి నువ్వుల రకాలను రైతులకు అందించింది.

"అయితే గుప్పెడు ఆకు నూనెలో పడవేస్తే సరిపోదా?" అని మీరడగవచ్చు. సరిపోదు సరికదా, ముప్పు కూడాను. పచ్చి ఆకులో తడి ఉంటుంది. పచ్చి ఆకుగాని, వెల్లుల్లిగాని వేసిన నూనెను బయట నిలవ ఉంచితే, గాలి సోకని ఆ తడిలో బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం పుట్టవచ్చు. సారం తీయాలంటే ఎండిన ఆకును ఆల్కహాలులో నానబెట్టి, వడకట్టి, ఆల్కహాలును పూర్తిగా తొలగించి, కొలత ప్రకారం నూనెలో కలపాలి. ఇది కార్ఖానాలో చేయవలసిన పని, వంటింట్లో కాదు.

మరి మనమేమి చేయాలి? గింజ బాగా ఎండిన తరువాతనే గానుగ ఆడించండి. బూజుపట్టిన గింజ ఏరివేయండి. రాగి, ఇత్తడి పాత్రలలో నూనె పోయవద్దు. తడిలేని స్టీలు డబ్బాలో నిండుగా పోసి, మూత బిగించి, పొయ్యికి దూరంగా, చీకటిలో ఉంచండి. వాడిన నూనెను కొత్త నూనెలో కలపవద్దు.

విస్తరణ కార్యకర్తలు మహిళా సంఘాలలో ఈ ఒక్క మాట తప్పక చెప్పాలి: ఏ సారమైనా మంచి నూనెను కాపాడగలదేగాని, ముక్కిన నూనెను బాగుచేయలేదు. ముక్కిన తరువాత కలిపితే, చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లే.