పాత మిల్లింగు మిషనుకు కొత్త కొలత

ఎకరం, రెండెకరాల సేద్యం మీదే ఇల్లు గడవడం కష్టమైపోయింది. అందుకే ఐ.టి.ఐ. చేసిన కొడుకు కోసం ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి, ఒక లేతు, ఒక పాత మిల్లింగు మిషను పెట్టుకున్న చిన్న రైతులు అక్కడక్కడా కనిపిస్తుంటారు. మీరూ వాళ్లలో ఒకరైతే, లేదా పెట్టాలనే ఆలోచన ఉంటే, ఈ సంగతి మీ కోసమే.

రిపేరు పనులు మన దగ్గరికి ఎప్పుడు వస్తాయి? సరిగ్గా తీరిక లేని రోజుల్లోనే వస్తాయి. పక్క ఊరి రైతు పంపు షాఫ్టు గోనెసంచిలో చుట్టి తెచ్చి, "రేపు దమ్ము చేయాలి తమ్ముడూ, రాత్రికి కీ గాడి కొట్టివ్వు" అంటాడు. ఆ గాడి ఒక పక్కకు జరిగిందంటే అతని నీళ్లు ఆగిపోతాయి, మన ఇనుము దండగ, పైగా పేరు పోతుంది. పొరపాటు మీది కాకపోవచ్చు, మిషను డయలుది కావచ్చు. అదెలాగో ముందు చూద్దాం.

డయలు ఎక్కడ మోసం చేస్తుంది?

మిల్లింగు మిషను మీద కట్టరు ఒకచోటే తిరుగుతుంది. పని ముక్కను బిగించిన టేబులే ముందుకు, పక్కకు, పైకి కదులుతుంది. ఆ కదలికను మనం హ్యాండిల్ దగ్గరున్న డయలు మీద చదువుతాం. స్క్రూ పిచ్ 5 మిల్లీమీటర్లు, డయలు మీద 100 గీతలు ఉంటే ఒక్కో గీత 0.05 మి.మీ. కొత్త మిషనులో ఇది చక్కగా పనిచేస్తుంది. ఏళ్ల తరబడి నడిచి, చేతులు మారి వచ్చిన మిషనులో స్క్రూ, నట్టు రెండూ అరిగిపోయి ఉంటాయి. హ్యాండిల్ వెనక్కి తిప్పితే పావు చుట్టు వరకు టేబులు కదలదు. పావు చుట్టంటే 1.25 మి.మీ. డయలు మాత్రం 25 గీతలు తిరిగి, కదిలినట్టే చూపిస్తుంది. మెకానిక్కులు దీన్నే 'ప్లే' అంటారు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పుకుంటూ వస్తే దీన్ని కొంత తప్పించుకోవచ్చు. కానీ స్క్రూ మధ్యలో ఎక్కువ, చివర్లలో తక్కువ అరిగి ఉంటుంది. దానికి ఆ చిట్కా పనిచేయదు.

డిజిటల్ రీడౌట్ అంటే స్క్రూతో సంబంధం లేకుండా టేబులు కదలికనే నేరుగా కొలిచి అంకెల్లో చూపే పరికరం. సన్నని గీతలు చెక్కిన గాజు పట్టీ ఒకటి అల్యూమినియం గొట్టంలో ఉంటుంది. దాన్ని టేబులుకు బిగిస్తారు. గీతలను లెక్కపెట్టే రీడరు హెడ్డును కదలని భాగానికి బిగిస్తారు. అక్కడి నుంచి వైరు డిస్ప్లే పెట్టెకు పోతుంది. మామూలుగా దొరికే గాజు స్కేలు 5 మైక్రాన్ల వరకు, అంటే 0.005 మి.మీ. వరకు చూపిస్తుంది. మన పనులకు అది ఎక్కువే.

ఒక్కటి మరచిపోవద్దు. టేబులు పట్టాల్లో వదులు ఉంటే రీడౌట్ దాన్ని బాగుచేయదు. టేబులు చివర పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడండి. లొడలొడలాడితే ముందు జిబ్ పట్టీ సర్దించుకోండి. ఆ పని చేయకుండా వేలు పోసి రీడౌట్ కొనడం, కారే రేకుల కింద కొత్త మంచం వేసుకోవడం లాంటిదే.

కొనే ముందు

మూడు దిశలకూ కొనాలని దుకాణం వాడు చెబుతాడు. మా ఉద్దేశంలో మొదట టేబులు పొడవుకు, అడ్డానికి రెండు చాలు. పైకీ కిందికీ కదిలే మోకాలు బరువు ఎప్పుడూ స్క్రూ మీదే కూర్చుని ఉంటుంది కాబట్టి అక్కడ ప్లే బాధ తక్కువ. మూడో స్కేలుకు చోటున్న డిస్ప్లే తీసుకుంటే తర్వాత కలుపుకోవచ్చు.

కొలత చెప్పేటప్పుడు టేబులు ఆ చివర నుంచి ఈ చివరకు ఎంత కదులుతుందో అంతకంటే కాస్త ఎక్కువ కొలిచే స్కేలు అడగండి. స్కేలు కొలిచే పొడవు వేరు, దాని మొత్తం పొడవు వేరు. రెండూ కాగితం మీద రాయించుకుని, మిషను మీద ఆ చోటు ఉందో లేదో టేపు పెట్టి చూశాకే డబ్బు కట్టండి. స్కేలు పొట్టిదైతే టేబులు చివరకు వచ్చినప్పుడు హెడ్డు గోడకు గుద్దుకుని పగులుతుంది. ఆ ఒక్క దెబ్బతో ఖర్చంతా పోతుంది.

కాలిపరు లాంటి చౌక స్కేళ్లు బ్యాటరీతో నడిచేవి కూడా ఉన్నాయి. పొడి పనికి ఫరవాలేదు, కూలెంటు నీళ్లు తగిలితే మొరాయిస్తాయి. అయస్కాంతపు టేపు స్కేళ్లు నీళ్లకు, మురికికి బాగా ఓర్చుకుంటాయి, ధర చూసుకోవాలి.

బిగింపులో మెళకువలు

ఈ పనికి ఒక రోజు కేటాయించండి. మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు తీసి జేబులో వేసుకుని మొదలుపెట్టండి. పొడవు స్కేలును టేబులు వెనక బిగిస్తే ముందు పక్క స్టాపులకు అడ్డం రాదు. కానీ టేబులును స్తంభం వైపు నెట్టినప్పుడు తగులుతుంది, అడ్డం కదలిక కొంత తగ్గుతుంది. ముందు పక్క బిగిస్తే చేతికి, స్టాపులకు అడ్డం. మీ పనులు ఎలాంటివో చూసుకుని తేల్చుకోండి. టేబులు చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఎక్కడ ఏది తగులుతుందో సుద్దతో గుర్తులు పెట్టాకే డ్రిల్ పట్టండి.

పోత ఇనుము పక్క భాగం సమంగా ఉండదు, పైన రంగు, పుట్టీ. నేరుగా బిగిస్తే స్కేలు వంకర తిరుగుతుంది. మందపాటి ఫ్లాట్ ముక్కను ముందు బిగించి, వెనక రేకు ముక్కలు పెట్టి సరిచేసి, దాని మీద స్కేలు కూర్చోబెట్టండి. ఎం6 బోల్టుకు 5 మి.మీ. డ్రిల్, ఎం5కి 4.2 మి.మీ. డ్రిల్ వేసి ట్యాపు కొట్టాలి. నూనె దారి ఎటు పోతుందో తెలియని చోట రంధ్రం వేయొద్దు. కళ్లజోడు పెట్టుకోండి.

ఇక అసలు పని. బోల్టులు సగమే బిగించి, డయల్ గేజిని అయస్కాంతపు స్టాండుతో కదలని భాగం మీద నిలబెట్టి, దాని ముల్లును స్కేలు గొట్టం మీద ఆనించండి. టేబులు మొత్తం పొడవూ చేత్తో తిప్పండి. ముల్లు 0.1 మి.మీ. లోపలే ఆడాలి. పైముఖం మీద ఒకసారి, పక్కముఖం మీద ఒకసారి చూడాలి. కాస్త వంకరుంటే కొలత తప్పుతుందని కాదు ఈ జాగ్రత్త. 100 మి.మీ. పొడవుకు 1 మి.మీ. వంకరున్నా కొలతలో తేడా 0.005 మి.మీ. మాత్రమే. కానీ అంత వంకరుంటే హెడ్డు లోపల ఒరుసుకుంటూ నడిచి త్వరలోనే పాడవుతుంది. మనం కాపాడుకునేది హెడ్డును.

హెడ్డు బిగించేటప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది. బ్రాకెట్టుకు, హెడ్డుకు మధ్య సందు కనిపిస్తే బోల్టును లాగి బిగించేస్తారు. హెడ్డు వంగి కూర్చుంటుంది. సందులో రేకు ముక్క పెట్టాలి గాని లాగకూడదు. హెడ్డుకు, స్కేలుకు మధ్య ఉండాల్సిన దూరం కంపెనీ కాగితంలో ఉంటుంది. రవాణా కోసం పెట్టిన ప్లాస్టిక్కు క్లిప్పులుంటే, అవి ఆ దూరాన్నే పట్టి ఉంచుతాయి. బిగింపు పూర్తయ్యేదాకా వాటిని ఉంచి, టేబులు కదిపే ముందు తప్పకుండా తీసేయండి. స్కేలు కింది రబ్బరు పెదవులు కిందికి గాని, ఇనుప రజను పడని వైపుకు గాని తిరిగి ఉండాలి. పైన ఒక రేకు కప్పు వేయండి. వైరుకు టేబులు చివరి దాకా పోయేంత వదులు ఇవ్వండి. డిస్ప్లే పెట్టె నుంచి మిషను బాడీకి ఎర్తు వైరు వేయాలి.

మొదటిసారి టేబులును చేత్తోనే నెమ్మదిగా రెండు చివరలకూ తీసుకెళ్లండి. పవర్ ఫీడు వద్దు.

అంకెలను నమ్మే ముందు

డిస్ప్లే వెలిగింది కదా అని పని మొదలుపెట్టకండి. స్కేలు 5 మైక్రాన్లదైతే డిస్ప్లేలో సెట్టింగూ 5 మైక్రాన్లే ఉండాలి. 1 అని ఉంటే 25 మి.మీ. కదిలితే 5 అని చూపిస్తుంది. వ్యాసం లెక్కలో పెట్టి ఉంటే రెట్టింపు చూపిస్తుంది. 25-50 మైక్రోమీటరుతో వచ్చే 25 మి.మీ. కొలత కడ్డీని అడ్డం పెట్టి, డయల్ గేజితో ఆనించి సరిచూసుకోండి. ఇంకా పొడవు కొలతకు దగ్గర్లోని ఐ.టి.ఐ.లో స్లిప్ గేజీలు అడిగి చూడండి. తర్వాత 300 మి.మీ. పోయి వెనక్కి, పదిసార్లు. ప్రతిసారీ సున్నా దగ్గర డయల్ గేజి ముల్లు కూడా సున్నాకే రావాలి. రాకపోతే ఏదో బ్రాకెట్టు వదులుగా ఉందని అర్థం.

ఇప్పుడు ఆ పంపు షాఫ్టు సంగతి. 25 మి.మీ. షాఫ్టుకు ప్రామాణిక కీ 8 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. ఎత్తు. షాఫ్టులో గాడి లోతు 4, కప్లింగులో 3.3. ముందు 8 మి.మీ. కట్టరును షాఫ్టు ఒక పక్కకు సన్న కాగితం అడ్డుపెట్టి ఆనించి సున్నా చేయండి. రెండో పక్కకు ఆనిస్తే 33 దగ్గరగా చూపిస్తుంది. సగం బటను నొక్కండి. అంకెలు సున్నాకు వచ్చేదాకా టేబులు తిప్పితే కట్టరు సరిగ్గా షాఫ్టు నడిమధ్య ఉన్నట్టు. ప్లే ఎంతున్నా బాధ లేదు. కోత మొదలయ్యే ముందు టేబులు లాకు బిగించడం మాత్రం మరవొద్దు. అంకెలు చెప్పేదే తప్ప పట్టుకునేది కాదు.

ఫ్లాంజీకి ఆరు రంధ్రాల పని వస్తే డిస్ప్లేలోనే వృత్తం లెక్క ఉంటుంది. 120 మి.మీ. వృత్తం, ఆరు రంధ్రాలు అని ఇస్తే మొదటిది మధ్య నుంచి 60, 0 దగ్గర, రెండోది 30, 51.962 దగ్గర అని వరసగా చూపిస్తుంది. పంచు కొట్టి, సుద్ద గీసి చేసే రోజుల్లో ఆరో రంధ్రం కలవక ఆకురాయి పట్టిన అనుభవం మీకుంటే దీని విలువ తెలుస్తుంది.

కరెంటు పోతే?

పల్లెలో ఇదే అసలు ప్రశ్న. పని మధ్యలో కరెంటు పోయి, ఆ చీకట్లో టేబులు కాస్త కదిలిందంటే మామూలు గాజు స్కేలుకు తానెక్కడుందో తెలియదు. అందుకే గాజు మీద గుర్తు గీతలు ఉంటాయి. పని మొదలుపెట్టగానే ఆ గీత మీదుగా టేబులు నడిపి, సున్నాను గుర్తుతో కట్టేసుకోండి. కరెంటు వచ్చాక మళ్లీ అదే గీత మీదుగా నడిపితే పాత సున్నా దొరుకుతుంది. డిస్ప్లే సింగిల్ ఫేజుతోనే నడుస్తుంది. దానికి వేరే పాయింటు ఇవ్వండి. వెల్డింగు చేసేటప్పుడు ప్లగ్గు పీకేయండి. వెల్డింగు ఎర్తు క్లాంపును మిల్లింగు మిషనుకు ఎప్పుడూ తగిలించవద్దు.

షెడ్డుకు బావి మోటారు సర్వీసు నుంచి లైను లాగడం కొందరికి అలవాటు. వ్యవసాయ కనెక్షనుతో వర్క్‌షాపు నడపడం కుదరదు, తనిఖీలో పట్టుబడితే అపరాధ రుసుము తప్పదు. పరిశ్రమల కేటగిరీలో వేరే సర్వీసు తీసుకోండి.

శుభ్రం చేసేటప్పుడు గాలి పైపును స్కేలు పెదవుల వైపు పెట్టకండి, రజను లోపలికి పోతుంది. బ్రష్షు, గుడ్డ చాలు. నూర్పిళ్ల రోజుల్లో ఊరంతా పొట్టు ఎగురుతుంది, రాత్రిపూట మిషను మీద టార్పాలిన్ కప్పండి. వైర్లకు ఇనుప తొడుగు ఉన్నా ప్లగ్గు దగ్గర కాస్త ఉత్త వైరే ఉంటుంది. పక్క గదిలో ధాన్యం బస్తాలుంటే ఎలుకలు ముందు అక్కడే కొరుకుతాయి, ఆ ముక్కను గట్టి గొట్టంలోకి దూర్చండి.